గాంధీ రోడ్డు మేడ మీది అద్దె పుస్తకాల అంగడి: ఆఫ్రికా నవలల అర

తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి చీలే సందుల్లో ఒకదానిలో, కింద ఇత్తడి సామాన్ల దుకాణం ఉన్న ఒక పాత మేడ పైఅంతస్తులో, నవలలను ఇప్పటికీ అద్దెకిచ్చే అంగడి ఒకటి నడుస్తోంది. వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చి తర్వాత పుస్తకాలైన తెలుగు నవలలు సగం గోడను ఆక్రమించి ఉంటాయి. మిగతా సగం ఇంగ్లీషు నవలలది. వాటిలో చాలా భాగం యాత్రికులు లాడ్జీలలో వదిలివెళ్లినవో, హాస్టళ్లు ఖాళీ చేసేటప్పుడు విద్యార్థులు తూకానికి అమ్మినవో అని యజమాని చెబుతారు. అద్దె పుస్తకాల అంగళ్లు దాదాపు కనుమరుగైన కాలంలో ఇది మిగిలి ఉందన్న ఒక్క కారణంతో దీన్ని మెచ్చుకోవాలని నేను కూర్చోలేదు. ఈ అంగడిలో కిటికీ పక్కన ఉన్న ఒక అర, ఆ అరలోని పుస్తకాలకు యజమాని చేసిన పని నాకు మరెక్కడా కనబడలేదు కాబట్టి దాని గురించి వివరంగా రాయాలనిపించింది.

ఆ అరలో ఉన్నవన్నీ వలసపాలన నాటి ఆఫ్రికా నేపథ్యంగా వచ్చిన ఇంగ్లీషు నవలలు. వాటిలో ఎక్కువ భాగం కథ ఇంచుమించు ఒకటే. కెన్యా ఎత్తుభూముల్లో ఒక పశువుల ఎస్టేటు ఉంటుంది; భర్త జ్వరంతోనో వేటలో దెబ్బతినో చనిపోతాడు; పాతికేళ్లు దాటని భార్య ఇంగ్లండుకు తిరిగి వెళ్లకుండా ఎస్టేటును తానే నడపాలని నిశ్చయించుకుంటుంది. వానలు పడవు, పశువులు చస్తాయి, బ్యాంకు ఉత్తరాలు రాస్తుంది, పక్క ఎస్టేటు దొర ఒకడు ముందు ఎగతాళి చేసి తర్వాత ప్రేమిస్తాడు, చివరికి వాన పడుతుంది. ఈ తరహా కథలకు మన దగ్గర పాఠకులు, ముఖ్యంగా స్త్రీలు, బాగానే ఉన్నారు. మగదిక్కు పోయిన ఇంట్లో ఒక ఆడమనిషి పశువులను, పొలాన్ని, అప్పును ఒంటిచేత్తో మోయడమనేది పాడి మీద బతికే చిత్తూరు పల్లెల్లో ఎవరికీ దూరపు విషయం కాదు కాబట్టి, ఆ కథల మీద మనవాళ్లకున్న ఇష్టాన్ని నేను చులకన చేయను. నాకూ ఆ ఇష్టం ఉంది.

యజమాని పశుసంవర్ధక శాఖలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన. పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో ఉద్యోగమంతా గడిపారు. నవలలో ఒక ఆవు చచ్చిపోతే అది ఏ రోగంతో చచ్చిందో రచయిత సరిగా రాశాడా లేదా అని చూడకుండా ఆయన ముందుకు వెళ్లలేరట. అలా మొదలైన అలవాటు క్రమంగా పెరిగి, ఈ అరలోని ప్రతి నవలకూ వెనుక అట్ట లోపలి వైపు ఆయన స్వదస్తూరీతో రాసిన ఒక కాగితం వెలిసింది. గీతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక అంచును మాత్రం మైదా జిగురుతో అట్టకు అంటించి ఉంచుతారు. మడత విప్పితే నీలిసిరాతో నాలుగు శీర్షికలు కనిపిస్తాయి: భూమి, పశువు, అప్పు, పనివాళ్లు. ఒక్కో శీర్షిక కింద నవలలోని పేజీ సంఖ్య వేసి, ఆ పేజీలో చెప్పినదానికి వెనుక ఉన్న అసలు చరిత్రను నాలుగైదు వాక్యాల్లో రాస్తారు. కథ ముగింపును మాత్రం ఎక్కడా బయటపెట్టరు. కాగితాన్ని ముందుగా చదవాలా, చివర చదవాలా అని అడిగితే, "మీ ఇష్టమమ్మా, నేనైతే సగం దాకా వచ్చినాక చదవమంటాను," అన్నారు. ఆ సలహా సరైనదే. సగం దాకా వచ్చేసరికి మనం ఆ యువతి పక్షాన పూర్తిగా నిలబడి ఉంటాం. ఆ స్థితిలో చదివితేనే కాగితంలోని మాటలకు బరువు తెలుస్తుంది.

నేను ఎక్కువ సేపు ఆగిపోయింది భూమి శీర్షిక దగ్గర. నవలల్లో భూమి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. భర్త చేయి పట్టుకుని కొండ మీద నిలబడిన యువతికి కనుచూపు మేర గడ్డి, జింకలు, మబ్బులు తప్ప మరేమీ కనబడవు. ఆ గడ్డి ఎందుకు ఖాళీగా ఉందో కాగితం చెబుతుంది. 1890ల ప్రాంతంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను ఊడ్చిపెట్టింది. మసాయి పశుపాలకులు తమ ఆవుల్లో అత్యధిక భాగాన్ని పోగొట్టుకున్నారు. దానికి తోడు మశూచి, కరవు వచ్చాయి. 1895లో బ్రిటిషువారు ఆ ప్రాంతాన్ని తమ రక్షిత ప్రాంతంగా ప్రకటించేనాటికి అక్కడి ప్రజలు అంతగా దెబ్బతిని ఉన్నారు. 1904లో మసాయి పెద్దలతో ఒప్పందం చేసుకుని, రిఫ్ట్ లోయలోని మేలైన మేత నేలల నుంచి వారిని రెండు ప్రాంతాలకు తరలించారు. మసాయి జాతి ఉన్నంతకాలం ఆ ఏర్పాటు నిలిచి ఉంటుందని ఒప్పందంలో రాశారు. ఏడేళ్లు తిరగకుండానే, 1911లో, రెండో ఒప్పందం పేరుతో ఉత్తరాన ఉన్న లైకీపియా నుంచి కూడా వారిని దక్షిణానికి పంపించివేశారు. మసాయివారు కోర్టుకు వెళ్లారు. అది సర్కారుకూ మరో జాతికీ మధ్య జరిగిన సంధి కాబట్టి తమ విచారణ పరిధిలోకి రాదని చెప్పి 1913లో కోర్టు ఆ దావాను కొట్టివేసింది.

ఇది చదివిన తర్వాత మళ్లీ నవలలోకి వెళ్తే, లైకీపియా అన్న పేరు కనబడిన చోటల్లా చూపు ఆగుతుంది. నేను తెచ్చుకున్న ఒక నవలలో ఎస్టేటు వాగు పక్కన నల్లబడిన రాళ్ల వరుస ఒకటి ఉంటుంది. యువతి దాని మీద కూర్చుని భర్తను తలుచుకుని ఏడుస్తుంది. అక్కడ పాత పశువుల దొడ్డి ఉండి ఉంటుందని, ఆ దొడ్డి ఎవరిదో రచయిత్రి రాయలేదని, ఆ పేజీ సంఖ్య వేసి కాగితంలో ఒక్క వాక్యం మాత్రం రాశారు. ఆ వాక్యంలో కోపం లేదు, యువతి దుఃఖాన్ని తక్కువ చేసే మాటా లేదు. ఒక్క రాళ్ల వరుసలో రెండు ఇళ్ల నష్టం ఉందని మనకు తోచేలా చేసి ఊరుకుంటుంది. ఈ అంగడి గురించి ఎవరైనా నన్ను అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ వాక్యం గురించే.

భూమి పట్టా గురించి కూడా కాగితాల్లో వివరంగా ఉంది. 1902 నాటి చట్టం ప్రకారం వలసదారులకు 99 ఏళ్ల కౌలు ఇచ్చేవారు. అది చాలదని వారు ఒత్తిడి తేగా 1915లో దాన్ని 999 ఏళ్లకు పెంచారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో, సైన్యంలో పనిచేసిన తెల్లవారికి ఎత్తుభూముల్లో ఎస్టేట్లు ఇచ్చే పథకం మొదలైంది. ఎవరికి ఏ భూమి అన్నది నైరోబీలోను లండన్‌లోను లాటరీ తీసి తేల్చారు. నవలల్లోని యువ వితంతువుల భర్తలలో చాలామంది ఈ సైనికులే. అదే ఎత్తుభూముల్లో మన దేశస్థులకు చోటు లేదు. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా రైలు మార్గం వేయడానికి ఇండియా నుంచి దాదాపు 32,000 మంది కూలీలు వెళ్లారు; వారిలో సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. ఆ రైలు ఎక్కే నవలా నాయికలందరూ ఎస్టేట్లకు చేరారు. కాని 1923లో లండన్ ప్రభుత్వం ప్రకటించిన శ్వేతపత్రం ప్రకారం భారతీయులకు శాసనసభలో ఐదు స్థానాలు దక్కినా, ఎత్తుభూములు మాత్రం తెల్లవారికే మిగిలాయి. నవలల్లో భారతీయుడు ఎప్పుడూ బల్ల వెనుక నిలబడి అరువు ఇచ్చే దుకాణదారుగానే ఎందుకు కనిపిస్తాడో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

పశువు శీర్షిక ఆయన సొంత విద్య. ఈ నవలల్లో ఎస్టేటును కూలదోసే రోగం సాధారణంగా ఈస్ట్ కోస్ట్ జ్వరం. మేలుజాతి ఆవు మేత మానేస్తుంది, చెవి కింద గడ్డలు కడుతుంది, ఒళ్లు కాలిపోతుంది, ఊపిరి బరువెక్కి ముక్కు నుంచి నురుగు వస్తుంది, కొద్ది రోజుల్లో పడిపోతుంది. థైలీరియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే ఈ జ్వరాన్ని ఒక రకం పిడుదు వ్యాపింపజేస్తుంది. మన సంకరజాతి ఆవులకు వచ్చే థైలీరియా జ్వరం దీనికి దాయాది రోగమే. జాతి కొద్దిగా వేరు, పిడుదు వేరు, లక్షణాలు చాలావరకు ఒకటే. మన దగ్గర బుపార్వాక్వోన్ సూది ఉంది. 1920లలో ఆ యువతి దగ్గర అటువంటి మందేదీ లేదు. కంచె వేసి బయటి పశువులు రాకుండా చూసుకోవడం, సిమెంటు తొట్టిలో పాషాణం కలిపిన నీళ్లు నింపి మందను వారానికొకసారో అంతకంటే తరచుగానో అందులో ఈదించి దాటించడం మాత్రమే ఆమె చేయగలిగింది. తొట్టి కట్టడానికి డబ్బు కావాలి, పాషాణానికి డబ్బు కావాలి, కంచెకు డబ్బు కావాలి. అందుకే అప్పు పశువు నుంచి మొదలవుతుందని ఒక కాగితంలో రాశారు.

ఈ భాగాన్ని పరీక్షించగలిగినవారు మా ఇంట్లోనే ఉన్నారు. పలమనేరు దగ్గర పల్లెలో మా చిన్నత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, సంకరజాతి ఆవులను మేపుకుని, పాల కేంద్రానికి పాలు పోసి పిల్లలను చదివించింది. సెలవులకు వెళ్లినప్పుడు ఒక నవలలోని పశువుల చావు ఘట్టాన్ని తెలుగులో చెప్పి వినిపించాను. ఆమె వేరుశనగ కట్టె సర్దుతూనే విని, చేతిలో పని ఆపి అడిగింది: "ఏమమ్మీ, ఆయమ్మ మేపుకు పోయొచ్చిన ఆవులకు చెవుల్లోపల చేయి పెట్టి చూసిందా లేదా? పిడుదులు చెవుల్లోనే గదా కూసునేది." నవలలో ఆ మాట ఎక్కడా లేదు. కాగితం విప్పితే ఉంది: ఈస్ట్ కోస్ట్ జ్వరాన్ని మోసే గోధుమరంగు పిడుదు ఎక్కువగా చెవుల్లోనే పట్టుకుని ఉంటుందని, అందుకే అక్కడి పశువుల కాపరులు చెవులు చూసేవారని ఆయన రాసి ఉంచారు. మూడు వందల పేజీల నవలలో రచయిత చూడని చోటును మా అత్త ఒక్క ప్రశ్నతో చూసింది. ఆ కాగితం రాసిన మనిషికి పశువు తెలుసు అనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కరలేదు.

తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల కౌలు సంగతి కూడా ఆమెకు చెప్పాను. మామయ్య చనిపోయేనాటికి భూమి ఇంకా వాళ్ల నాయన పేరుతోనే ఉంది. చట్టప్రకారం భర్త వాటా భార్యకు రావాలి, 1956 నుంచీ ఆ హక్కు ఉంది. కాని భాగపరిష్కారం జరగని భూమికి పాసుపుస్తకం ఆమె పేరున ఎవరిస్తారు? పాసుపుస్తకం లేనిదే బ్యాంకులో లోను ఎలా పుడుతుంది? ఆమె ఆవులను కొన్నది నగలు కుదువ పెట్టి. "అన్నేండ్లకు కాగితముంటే నేను ఇంకా పది ఆవుల్ని కట్టుండేదాన్ని," అంది. నవలలోని యువతి మీద ఆమెకు కోపం రాలేదు. ఆవు చచ్చినచోట మాత్రం, "పాపం, సూడిది గూడా పోయిందా," అని రెండుసార్లు అడిగింది.

అప్పు శీర్షిక కింద ఉన్న ఒక విషయం నాకు పూర్తిగా కొత్త. బ్రిటిషు తూర్పు ఆఫ్రికాలో 1920 దాకా చలామణిలో ఉన్నది మన రూపాయే. ఎస్టేటు లెక్కలు, కూలీల జీతాలు, బ్యాంకు తనఖాలు అన్నీ రూపాయల్లోనే ఉండేవి. యుద్ధానికి ముందు పదిహేను రూపాయలు ఒక పౌనుకు సమానం. 1920లో రూపాయి విలువను రెండు షిల్లింగులుగా స్థిరపరిచారు; ఇరవై షిల్లింగులు ఒక పౌను కాబట్టి, పది రూపాయలకే ఒక పౌను అన్నమాట. ఆ తర్వాత రూపాయిని తీసివేసి ముందు ఫ్లోరిన్‌ను, వెంటనే షిల్లింగును తెచ్చారు. దీని ఫలితాన్ని యజమాని ఒక లెక్కగా వేసి చూపించారు. పదిహేను వేల రూపాయల తనఖా ఉన్న ఎస్టేటు అంతకుముందు వెయ్యి పౌనులు బాకీ. మార్పు తర్వాత, ఒక్క పైసా కొత్తగా తీసుకోకుండానే, పదిహేను వందల పౌనులు బాకీ. వెన్న, ఉన్ని, నార లండన్‌లో అమ్ముడుపోయేది పౌనుల్లో, అదీ ధరలు పడిపోతున్న కాలంలో. నవలలో ఆ యువతి రాత్రి దీపం ముందు పద్దుపుస్తకం తెరిచి, తన భర్త వదిలివెళ్లిన అప్పు ఇంతగా ఎలా పెరిగిందని దిగులుపడే ఘట్టం ఒకటుంది. రచయిత ఆ తప్పును చనిపోయిన భర్త తాగుడు మీద వేశాడు. ఆ ఏడాది ఆ ఎత్తుభూముల్లో తాగని మనుషుల అప్పులు కూడా సగానికి సగం పెరిగాయని కాగితం చదివితే తప్ప తెలియదు. వలస చరిత్ర చెప్పే కాగితం ఆ యువతికి అన్యాయం చేస్తుందేమో అనుకునేవారు ఈ పేజీ చూడాలి. నవల కంటే కాగితమే ఆమె కష్టాన్ని ఎక్కువ సరిగా అర్థం చేసుకుంది.

ఆ తర్వాతి కాలపు నవలలకు రాసిన కాగితాల్లో 1928 నుంచి వచ్చిన మిడతల దండ్లు, 1929 తర్వాతి ఆర్థికమాంద్యం, 1930ల ఆరంభంలో సర్కారు పెట్టిన ల్యాండ్ బ్యాంకు ప్రస్తావనలు క్లుప్తంగా ఉన్నాయి. నైవాషాలో 1925లో వలసదారులు స్థాపించుకున్న వెన్న సహకార సంస్థ గురించి కూడా ఉంది. వెన్న డబ్బాలు రైలుకు పంపే దృశ్యాలు మన పాల కేంద్రాల అలవాటు ఉన్నవారికి ఆసక్తి కలిగిస్తాయి కాబట్టి, ఇక్కడ ఆయన ఇంకొంచెం రాసి ఉంటే బాగుండేది.

పనివాళ్ల శీర్షిక బాగున్నా, అసంపూర్ణం. ఈ నవలల్లో నమ్మకమైన నౌకరు ఒకడు తప్పక ఉంటాడు. యజమానురాలు పడిపోతే ఎత్తుకుని తెచ్చేది అతనే. అతని మెడలో వేలాడే చిన్న లోహపు డబ్బీని రచయితలు ఆభరణంలాగా వర్ణించి వదిలేస్తారు. దానిలో ఉండేది గుర్తింపు కాగితం, వేలిముద్రలు, ఏ దొర దగ్గర ఎంత జీతానికి పనిచేశాడన్న వివరం. కిపాండె అని పిలిచే ఈ ఏర్పాటుకు 1915లో చట్టం చేసి యుద్ధం తర్వాత అమలులో పెట్టారు. అది లేకుండా తిరిగితే శిక్ష, దొర సంతకం పెట్టి విడుదల చేయకపోతే మరోచోట పని దొరకదు. ఎస్టేటులోనే ఇల్లు కట్టుకుని తమ పశువులను మేపుకునే ఆఫ్రికన్ కుటుంబాలు 1918 నాటి చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 180 రోజులు ఎస్టేటుకు పనిచేయాలి. 1920ల చివర వారి మందలను ఎస్టేట్ల నుంచి బలవంతంగా వెళ్లగొట్టారు కూడా. ఒక నవలలో యువతి కష్టకాలంలో తన పనివాళ్ల ఆవులను అమ్మించి ఎస్టేటును గట్టెక్కించుకుంటుంది. రచయిత దాన్ని ధైర్యంగా చిత్రించాడు. యజమాని ఆ పేజీకి ఎదురుగా ఆవుల సంఖ్యను మాత్రం రాసి కింద గీత గీశారు.

అసంపూర్ణం అన్నది ఎందుకంటే, నాలుగు శీర్షికల్లో ఎక్కడా ఆఫ్రికన్ స్త్రీలు లేరు. భర్త చనిపోయిన ఆఫ్రికన్ స్త్రీ అదే ఎస్టేటు అంచున ఒక గుడిసెలో ఉండి ఉంటుంది కదా. ఆమె ఆవులు ఎవరి పేరున ఉండేవి, ఆమెను ఎవరు చూసుకునేవారు, 180 రోజుల పని భర్త పోయాక ఎవరి మీద పడేది? నవలల్లో ఈ ప్రశ్న లేదంటే అర్థం చేసుకోగలను, నవలలో లేనిదాన్ని చెప్పడానికే పుట్టిన కాగితంలో లేకపోవడం వెలితి. ఈ మాట ఆయనకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "నాకు దొరికిన పుస్తకాల్లో మగవాళ్ల లెక్కలే ఉండాయమ్మా, మీకేమైనా దొరికితే తెండి, ఐదో శీర్షిక పెడదాం," అన్నారు. ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. కొన్ని కాగితాల్లో ఆయన యువతి మీద అవసరమైన దానికంటే కఠినంగా ఉన్నారు. చట్టాలు చేసింది ఆమె కాదు, లాటరీలో భూమి తీసింది ఆమె కాదు. వాటి వల్ల ఆమెకు లాభం కలిగిందన్నది నిజమే అయినా, భర్త శవం పక్కన ఒంటరిగా రాత్రంతా కూర్చున్న మనిషి భయం నిజమైన భయమే. రాళ్ల వరుస గురించి రాసిన చేతితోనే ఆ కఠినమైన వాక్యాలు కూడా రాయడం నాకు కొంచెం బాధ కలిగించింది.

ఇక అంగడి వసతుల సంగతి. సభ్యత్వానికి ఐదు వందల రూపాయల డిపాజిట్ కట్టాలి, మానుకున్నప్పుడు తిరిగి ఇస్తారు. నవలకు పది రోజులకు ఇరవై రూపాయలు. ఆలస్యమైతే రోజుకు రెండు రూపాయలు. పుస్తకాల అట్టలకు దళసరి ప్లాస్టిక్ కవరు వేసి, ఊడిన పేజీలను దారంతో కుట్టి ఉంచుతారు కాబట్టి చేతిలో విడిపోయే పుస్తకం నాకు ఒక్కటీ రాలేదు. తెలుగు అరల్లో మాత్రం సీరియల్ నవలల రెండో భాగాలు తరచుగా కనబడవు. మెట్లు బాగా నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఒక వైపే ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కింద ఇత్తడి దుకాణం దగ్గర నిలబడి పిలిస్తే యజమాని భార్య పుస్తకాలను సంచిలో వేసి తాడుతో కిందికి దించుతారు. చూడడానికి వింతగా ఉన్నా, అది బాగా పనిచేస్తున్న ఏర్పాటు. కూర్చుని చదవడానికి రెండు స్టూళ్లే ఉన్నాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ సందులో నడవడమే కష్టం, కాబట్టి ఆ రోజుల్లో వెళ్లకపోవడం మంచిది. గడువు పొడిగించమని ఫోన్ చేస్తే ఎత్తడం అరుదు. ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన లోపం.

కాగితాల పరిస్థితి మీద కూడా ఆయన శ్రద్ధ పెట్టాలి. వానాకాలంలో గోడ చెమ్మ వల్ల నీలిసిరా కొన్నిచోట్ల అలుక్కుపోయింది. మైదా జిగురుకు పురుగు పట్టి రెండు పుస్తకాల అట్టలు తిన్నట్లు నాకు కనబడింది. ఒకరెవరో ఒక కాగితాన్ని చించుకుని వెళ్లారని, దాన్ని మళ్లీ రాయడానికి ఆ నవలను మొదటి నుంచి చదవాల్సి వచ్చిందని ఆయన చెప్పారు. ఒక్కో కాగితానికి జిరాక్సు తీసి విడిగా ఫైలులో పెట్టుకుంటే ఈ నష్టం ఉండదు. ఖర్చుకు వెనకాడుతున్నారని అర్థమైంది. ఆ మేడకు కట్టే అద్దె, వచ్చే ఇరవై రూపాయల నోట్లు ఎదురెదురుగా పెట్టి చూస్తే వెనకాడడంలో ఆశ్చర్యం లేదు. సభ్యులం తలా కొంత వేసుకుంటే జిరాక్సు ఖర్చు పెద్దది కాదని నేను ప్రతిపాదించాను, ఇంకా ఒప్పుకోలేదు.

కాలక్షేపానికి ఒక ప్రేమకథ చాలు అనుకునేవారికి కూడా ఈ అర ఉపయోగపడుతుంది, కాగితం మడత విప్పకుండానే నవల చదువుకోవచ్చు, ఎవరూ అడగరు. చరిత్ర చదివే విద్యార్థులు, పశువైద్య కళాశాల పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో పాడి ఉన్నవారు మాత్రం విప్పి చదవాలని నా సిఫారసు. ఇంగ్లీషు తడుముకుని చదివేవారు ముందుగా సన్నని పుస్తకాలు ఇమ్మని అడిగితే, కిటికీ పక్క అరలో కింది వరుస నుంచి తీసి ఇస్తారు. అంగడి మంగళవారం సెలవు; మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు తెరిచి ఉంటుంది. సభ్యత్వానికి ఆధార్ నకలు, ఒక ఫోటో తీసుకుని వెళ్లాలి. ఆఫ్రికా అరలోని నవలలు ఒక్కో ప్రతే ఉన్నందువల్ల, కావలసినది బయట ఉంటే బల్ల మీది పొడుగు నోటుపుస్తకంలో పేరు రాసి రావచ్చు. పుస్తకం తిరిగి రాగానే వరుస ప్రకారం ఆయనే కబురు చేస్తారు.